ఆమెన్‌తో వేసుకునే గోలీ

మా ఇంట్లో ప్రార్థన జరిగేటప్పుడు కళ్ళు తెరుచుకుని ఉండేది నేనొక్కడినే. ఆ సంగతి మా అక్క కళ్ళు మూసుకునే కనిపెట్టేది. ఎలా కనిపెట్టేదో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. చిన్నప్పుడు మెదక్‌లో ఉండగా నాన్న ప్రార్థన మొదలుపెట్టగానే నేను ఒక కన్ను సగం తెరిచి, ఎవరి మొహం ఎలా ఉందో చూసేవాడిని. కళ్ళు మూసుకున్న మనుషుల మొహాలు వేరేగా ఉంటాయి. ఎవరూ చూడటం లేదనుకుంటారు కాబట్టి మొహాన్ని సర్దుకోరు. ఆమెన్ అనగానే అక్క నా నెత్తిన ఒకటి మొట్టి, "దేవుణ్ణి చూడమంటే మమ్మల్ని చూస్తవేందిరా" అనేది.

తర్వాత నేను గడియారాలు బాగుచేసే పనిలో పడ్డాను. అబిడ్స్‌లో ఒక సందులో చిన్న దుకాణం నాది. ఒక కంటికి భూతద్దం బిగించుకుని, రెండో కన్ను మూసుకుని బతుకు వెళ్ళదీసినవాడికి రెండు కళ్ళూ ఒకేసారి మూసుకోవడం అలవాటు కాలేదంటే తప్పు నాది కాదు, పనిది. అక్క దగ్గర ఈ వాదన ఎన్నోసార్లు పెట్టాను. ఆమె ఒప్పుకోలేదు.

అక్క నాకంటే బాగా పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. కోఠి దగ్గర ఒక బడిలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక నాంపల్లిలో మేము కిరాయికుంటున్న ఇంటికే వచ్చేసింది. వస్తూ వస్తూ ఒక హార్మోనియం, రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలు, పాతికేళ్ళ నాటి షుగరూ తెచ్చుకుంది. నా భార్యకూ ఆమెకూ బాగా కుదిరింది. ఇద్దరూ కలిసి నన్ను ఆటపట్టించడానికి సాకు వెతుక్కునే పనే ఉండేది కాదు. కొన్నేళ్ళకు షుగర్ కిడ్నీల మీద పడిందని డాక్టర్లు చెప్పారు. డయాలసిస్ దాకా పోలేదు గానీ గోలీలు పెరిగాయి. అక్క వాటిని బడిపిల్లల్ని వరసలో నిలబెట్టినట్టు నిలబెట్టుకుని ధైర్యంగానే మింగేది.

కథ మొదలైంది కాలితో. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోయాక అక్క అబిడ్స్‌లో ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాలు చూస్తానంది. పాత తెలుగు వాచకాలు కనిపిస్తే ఆమె వదలదు. ఒక వాచకం చంకలో పెట్టుకుని ఫుట్‌పాత్ మీంచి రోడ్డు మీదికి దిగింది, అంతే. జారలేదు, పడలేదు. పాదం కాస్త వంకరగా పడిందట. ఇంటికొచ్చి టీ తాగింది. సాయంత్రానికి పాదం బన్నులా ఉబ్బింది.

మర్నాడు ఎముకల డాక్టర్ ఎక్స్‌రే తీయించాడు. చిటికెన వేలి వైపు ఎముక చిట్లింది. నాకు ఆ చిట్లు చూపించి ఆయన వేరే పేషెంటు వైపు తిరిగాడు. నేను ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చూస్తూనే ఉన్నాను. పగులు కన్నా నాకు వింతగా కనిపించింది ఇంకొకటి. పాదం ఎముకల మధ్యలోంచి ఒక సన్నటి తెల్లటి గీత వంపులు తిరుగుతూ పోతోంది. సరిగ్గా చూస్తే అది ఒక గీత కాదు, పక్కపక్కనే నడిచే రెండు గీతలు.

"ఇదేంది సార్? నరమా?" అని అడిగాను.

"రక్తనాళం."

"రక్తనాళాలు ఎక్స్‌రేల కనబడ్తయా?"

"మామూలుగా కనబడవు. గోడల్లో కాల్షియం పేరుకుంటే కనబడ్తయి. షుగరు, కిడ్నీ రెండూ ఉన్నోళ్ళల్ల చూస్తుంటం. మీ కిడ్నీ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఈ ఫిల్ము చూపించున్రి" అన్నాడాయన. అక్క కాలికి పట్టీలతో బిగించే బూటు తొడిగి, కొన్ని వారాలు బరువు వేయొద్దని పంపించేశాడు.

నాకు ఆ రాత్రి అన్నం సహించలేదు. భయం వల్ల కాదు, ఆ గీతల వల్ల. ఎముకేమో రోడ్డు మీద అడుగేస్తే చిట్లేంత గుల్లగా ఉంది. ఎముకలో ఉండాల్సిన సరుకేమో పక్కనున్న నాళంలో పోగై ఉంది. ఒకే పాదంలో, వేలెడు దూరంలో. ఫిల్మును ట్యూబులైటు కింద మళ్ళీ మళ్ళీ చూశాను. నా భార్య చూసి, "మన గీజరు గొట్టం కోసినప్పుడు లోపల గిట్లనే తెల్లగ పట్టి ఉండె" అంది. మా బోరు నీళ్ళ సంగతి అది. ఆ మాట నాకు నచ్చింది గానీ సగమే అర్థమైంది. గొట్టంలో పట్టిన సున్నం నీళ్ళలోంచి వచ్చింది. మరి ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది?

అర్థం కాకపోయినా ఊరుకునే రకం కాదు నేను. గడియారంలో చక్రం పన్ను విరిగితే చక్రం మారుస్తాం, లేనిదాన్ని తెచ్చిపెడతాం. ఎముకలో కాల్షియం లేదు కాబట్టి కాల్షియం పెట్టాలన్నది నా తీర్మానం. తర్వాతి ఆదివారం పొద్దున్నే మాంసం దుకాణానికి పోయి మేక కాళ్ళు కాల్పించి తెచ్చి, నేనే దగ్గరుండి పాయా చేయించాను. సన్నటి మంట మీద ఎముకల సారమంతా దిగేదాకా ఉడికించాం. అక్క బూటు కాలు కుర్చీ మీద పెట్టుకుని ఒక గిన్నె తాగి, ఇంకో గిన్నె అడిగింది. తమ్ముడికి బుద్ధొచ్చిందని నా భార్యతో చెప్పింది. నాకు గర్వంగా అనిపించింది.

ఇక్కడ మా ఇంటి గోలీల పద్ధతి చెప్పాలి. మా చిన్నప్పుడు అమ్మకు టీబీ వచ్చింది. నెలల తరబడి మందులు మింగింది. ప్రతి సాయంత్రం ప్రార్థనలో ఆ మందుల్ని స్టీలు పళ్ళెంలో పోసి బైబిలు పక్కన పెట్టేవాళ్ళు. ఆమెన్ అనగానే ఆ మాట నోట్లో ఉండగానే అమ్మ గోలీలు వేసుకునేది. అమ్మ బతికింది. అప్పట్నుంచి మా ఇంట్లో జ్వరం గోలీ అయినా సరే, ప్రార్థన కాకుండా ఎవరి గొంతూ దిగదు. నాంపల్లి ఇంట్లోనూ అంతే. నేను దుకాణం మూసి రాగానే చాప పరుస్తాం. అక్క ఒక పాట అందుకుంటుంది, ఒక అధ్యాయం చదువుతుంది, ప్రార్థన చేస్తుంది. ఆమెన్‌తో ఎవరి గోలీలు వాళ్ళవి. ఆ తర్వాత అక్కకు హార్మోనియం మీద చేయి ఆగదు. పాటల మీద పాటలు. నా భార్య కుక్కరు పెట్టి టీవీ సీరియల్ చూస్తుంది. అన్నాలు తినేసరికి చాలాసేపవుతుంది.

అక్క గోలీల్లో ఒకదాన్ని అన్నంతో పాటు నమిలి తినమని కిడ్నీ డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. మాకు ఆ మాట గుర్తులేక కాదు. ముందు పోయినా వెనక పోయినా చేరేది ఒక కడుపులోకే కదా అనుకున్నాం. పైగా అది కాల్షియం గోలీ అని డబ్బా మీద రాసి ఉంది. ఎముక చిట్లాక అక్క దాన్ని మరింత భక్తిగా వేసుకోసాగింది.

పట్టీ బూటు తీసేసిన తర్వాత వానాకాలంలో ఒక సాయంత్రం. బయట సన్నగా జల్లు పడుతోంది. అక్క పాట పాడి, కుడిచేయి అలాగే హార్మోనియం మెట్ల మీద ఉంచి ప్రార్థన మొదలుపెట్టింది. అక్క ప్రార్థన పొడుగు. మా సందులో అందరూ అందులో ఉంటారు. పైవాటాలో బాలింత, కూరగాయల బండాయన, నాంపల్లి స్టేషన్లో ఆ రాత్రి రైలెక్కే తెలియని మనుషులు. ఆ రైలు మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాట నెమ్మదించింది. ఒక మాటను రెండుసార్లు మొదలుపెట్టి, ఆగిపోయింది.

నా భార్య కళ్ళు మూసుకునే ఉంది. వదినకు మనసు నిండి గొంతు పట్టుకుందనుకుందట. ప్రార్థనలో అలా జరుగుతుంటుంది, ఎవరూ కదలరు. నేను ఎప్పటిలా ఒక కన్ను తెరిచి ఉన్నాను. అక్క నోరు కుడివైపు కిందికి జారింది. ఆ మూల నుంచి ఉమ్మి కారింది. హార్మోనియం మీది చేయి మెల్లగా జారుకుంటూ వచ్చి ఒళ్ళో పడింది. ఆమె దాన్ని తీయాలని కూడా చూడలేదు.

"అక్కా" అన్నాను. ఆమె కళ్ళు తెరిచి నావైపు చూసింది. నోరు కదిలింది గానీ వచ్చింది మాట కాదు, ముద్ద. ఆ కళ్ళల్లో ఉన్న భయం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

"షుగర్ పడ్డదేమో" అని నా భార్య లేచి ఒక చేత్తో చక్కెర డబ్బా, ఒక చేత్తో షుగర్ చూసే మిషను తెచ్చింది. వేలు గుచ్చి చూసింది. "షుగర్ మంచిగనే ఉన్నది" అని చక్కెర డబ్బా కింద పెట్టేసింది. ఇంకేమీ నోట్లో పోయకుండా ఇద్దరం అక్కను చెరో భుజం పట్టుకుని సందు చివరికి తెచ్చి ఆటో ఎక్కించాం.

వానకు రోడ్డంతా బండ్లే. మెట్రో స్తంభాల కింద ఆటో నత్తనడకన పోతోంది. నేను అక్క కుడిచేయి పట్టుకుని కూర్చున్నాను. అది నా చేతిలో ఊరికే ఉంది. ఇంకాస్త దూరం పోయాక అది నా వేళ్ళను నొక్కింది. ముందు నేను నమ్మలేదు.

"యాడికి పోతున్నం?" అంది అక్క. మాట కాస్త మందంగా ఉంది గానీ మాటే.

నా భార్య ఏడ్చేసింది. అక్క మూతి తుడుచుకుని, చేయి పైకెత్తి చూసుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ ఆడించింది. "ఇగో, మంచిగనే ఉన్న. ఊకెనే కళ్ళు తిరిగినట్టున్నది. వాపస్ పోదాం పా. పొయ్యి మీద కుక్కరున్నదేమో."

"కుక్కరు పెట్టనే లేదు వదినా" అంది నా భార్య.

"మరి పెట్టుకుందువు పా. దవాఖానకు పోతే అన్నీ పరీక్షలంటరు."

ఆటో అతను అద్దంలోంచి చూసి, "వాపస్ తిప్పాల్నా సార్?" అన్నాడు. నిజం చెప్పాలంటే తిప్పేయమని నా నోటిదాకా వచ్చింది. అక్క మాట్లాడుతోంది, నవ్వుతోంది. ఆమె చెప్పింది కాదనడం నాకు పుట్టినప్పట్నుంచీ అలవాటు లేదు. అంతలో నాకు నా దుకాణం గుర్తొచ్చింది. పూర్తిగా ఆగిపోయిన గడియారంతో నాకు పేచీ లేదు, విప్పితే కారణం కనబడుతుంది. ఆగిపోయి, ఎవరూ ముట్టుకోకుండానే మళ్ళీ నడిచే గడియారంతోనే భయం.

"అక్కా, ఆగి దానంతటదే నడిచిన గడియారాన్ని బాగైందని నేను ఇంతవరకు ఎవ్వరికీ వాపస్ ఇయ్యలే" అన్నాను. "సీదా పోనీ అన్నా" అని ఆటో అతనితో చెప్పాను. అక్క నావైపు గుర్రుగా చూసింది.

దవాఖానలో తలకు స్కాన్ తీశారు, మెడ నాళాలు చూశారు. మెదడుకు పోయే రక్తం కాసేపు అడ్డుపడి మళ్ళీ దారి దొరికిందనీ, ఇది పక్షవాతం తలుపు తట్టి పోవడమనీ అక్కడి డాక్టర్ చెప్పాడు. తగ్గిపోయిందని ఇంటికి పోయినవాళ్ళలో కొందరికి తర్వాత రోజుల్లోనే పెద్దది వస్తుందన్నాడు. ఆ మాట విన్నాక నేను వరండాలోకి పోయి గోడకానుకుని నిలబడ్డాను. ఆటో తిప్పమని ఉంటేనో?

అక్కను అక్కడే ఉంచుకున్నారు. మర్నాడు పొద్దున మంచం మీద ఇడ్లీ తింటూ అక్క అడిగింది. "నాకు గట్ల అయిందని నీకెట్ల తెలిసింది? ప్రార్థనల ఉంటిమి కదా."

"చూసిన" అన్నాను.

ఆమె చేతిలోని ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేసింది. మొడుతుందేమో అనుకున్నాను. మొట్టలేదు.

ఇంటికొచ్చాక ఎక్స్‌రే ఫిల్మూ గోలీల డబ్బాలూ పట్టుకుని బషీర్‌బాగ్‌లో ఉన్న కిడ్నీ డాక్టరమ్మ దగ్గరికి పోయాం. ఆమె ఫిల్మును లైటు డబ్బాకు తగిలించి ఆ రెండు గీతల దగ్గరే ఆగింది. ఇక నేను ఊరుకోలేకపోయాను.

"మేడం, ఎముకల ఉండాల్సింది నాళంలకెట్ల వచ్చింది?"

ఆమె విసుక్కోలేదు. తినే తిండిలో భాస్వరం ఉంటుందట. బాగున్న కిడ్నీలు మిగులును బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలు పంపలేవు. అది రక్తంలో పెరిగేసరికి మెడలో ఉండే చిన్న గ్రంథులు రెచ్చిపోయి ఎముకల్లోంచి కాల్షియం లాగడం మొదలుపెడతాయి. ఆ కాల్షియమూ ఈ భాస్వరమూ కలిసి పోయి పోయి రక్తనాళాల గోడల్లో కూర్చుంటాయి. "అక్కడ ఎముక గుల్లవుతుంది, ఇక్కడ నాళం గట్టిపడుతుంది" అంది.

"అయితే కాలు చిట్లుడు, మాట పడిపోవుడు రెండూ ఒక్కటేనా?"

"రెంటికీ ఒకటే కారణమని నేను రాసివ్వలేను. షుగరుంది, బీపీ ఉంది, వయసుంది. కానీ కిడ్నీలు ఇలా ఉన్నవాళ్ళకు రెండు ప్రమాదాలూ ఎక్కువే" అని, అక్క గోలీల వైపు తిరిగింది. కాల్షియం గోలీ డబ్బా ఎత్తి చూపించింది. "అమ్మా, ఇది ఎలా వేసుకుంటున్నారు?"

అక్క తరగతిలో మొదటి బెంచీ పిల్లలా నిటారుగా కూర్చుంది. "ఒక్క రోజు గూడ తప్పలే మేడం. ప్రార్థన చేసి, ఆమెన్‌తోనే వేసుకుంట."

"భోజనం?"

"అది తర్వాత. పాటలైనంక."

డాక్టరమ్మ డబ్బా బల్ల మీద పెట్టేసింది. "ఈ గోలీకి మీ ఒంట్లో పనేం లేదమ్మా. దాని పనంతా అన్నంలోనే. తిండిలో ఉన్న భాస్వరాన్ని అక్కడే పట్టుకుని కిందికి తీసుకుపోవాలి. కడుపు ఖాళీగా ఉంటే పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు అందులోని కాల్షియం నేరుగా రక్తంలోకి పోతుంది."

నేను లైటు డబ్బా మీది గీతల వైపు చూశాను. అక్క కూడా అటే చూసింది. "అంటే గీ గీతలు నేనే గీసుకున్ననా?" అంది.

"అలా అనుకోకండి. ఇవి ఏళ్ళ తరబడి వచ్చేవి, ఒక్క గోలీ మీద పెట్టకూడదు. వేరే రకం గోలీ రాస్తాను, ఇందులో కాల్షియం ఉండదు. ఇది కూడా అన్నంతోనే. ప్రార్థన మానమని నేను అనను, అన్నం దగ్గరికి తెచ్చుకోండి అంటాను."

ఇదే అదను అన్నట్టు నా భార్య పాయా సంగతి బయటపెట్టింది. డాక్టరమ్మ నావైపు చూసి, ఆ ఎముకల పులుసులోనూ ఉండేది భాస్వరమే, తమ్ముడుగారు తాగొచ్చు గానీ అక్కగారికి వద్దంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

ఇంటికొచ్చాక అక్క మంకుపట్టు పట్టింది. మాకు తేలిగ్గా కనిపించింది ఆమెకు కొండయింది. ప్రార్థన అవగానే పాటలు ఆపి అన్నం తిందామంటే, "అమ్మ గట్లనే వేసుకుని బతికింది" అంటుంది. అన్నం ముందే వడ్డించి పెడతానని నా భార్య అంటే, బైబిలు పక్కన చారు గిన్నె పెట్టుకుని ప్రార్థన చేసిన ఇల్లు ఎక్కడన్నా ఉందా అంటుంది. కొత్త గోలీ డబ్బా మూత తీయలేదు. హార్మోనియం కూడా ముట్టుకోలేదు. ప్రార్థన నన్ను చేయమంది. నా ప్రార్థన ఎంతసేపో ఆమెకు తెలుసు. కోపమా, భయమా అని నేను ఆమె మొహం వైపు చూస్తూ ఉండేవాడిని. కళ్ళు మూసే ఉన్నా కుడిచేతి వేళ్ళు ఒళ్ళో మెల్లగా కదులుతుండేవి. ఒక్కొక్కటీ ఆడుతున్నాయో లేదో చూసుకుంటోందని అర్థమైంది.

ఒకరోజు దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి చాప పరిచి ఉంది. హార్మోనియం గోడవారకు జరిపి ఉంది. మధ్యలో బైబిలు, గోలీల స్టీలు పళ్ళెం, వాటి చుట్టూ మూడు కంచాలు. అన్నం పొగలు కక్కుతోంది. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి, మాట్లాడొద్దన్నట్టు సైగ చేసింది.

"కూసో తమ్మీ, అన్నం చల్లారుతది" అంది అక్క. "ఇయ్యాల చిన్న ప్రార్థనే. సందుల వాళ్ళందరినీ తిన్నంక పలకరిద్దాం. రైలెక్కెటోళ్ళు జరసేపు ఆగుతరు."

నవ్వొచ్చింది నాకు. కూర్చున్నాను. అక్క కొత్త గోలీని కంచంలో మొదటి ముద్ద పక్కన పెట్టుకుంది. చేతులు కట్టుకుంది. ఎప్పుడూ ఆ క్షణంలో ఆమె ఒకసారి నావైపు చూసి, కళ్ళు మూసుకొమ్మని కనుబొమలతో బెదిరించేది. ఆ రోజు కూడా చూసింది.

"నువ్వు కళ్ళు మూసుకోకు" అంది. "నా దిక్కే చూస్త ఉండు."

అని తను కళ్ళు మూసుకుంది. ఆమె మొదటి మాట పలుకుతుండగా నా కళ్ళల్లో నీళ్ళు నిండి ఆమె మొహం మసకబారింది. బతుకులో మొదటిసారి ప్రార్థనలో నాకు రెండు కళ్ళూ మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.